క్యాలెండరు వెనక

దసరా సెలవులకి బడి మూసేశారు.
గుణుపూర్‌లో మా సందు చివర పందిరి లేచింది,
మైకు లేచింది,
ఆ రెండిటికన్నా ముందు మా కెజియా లేచింది.
"ఏం రాయాలమ్మా ఇవాళ?"

గుడివాళ్లిచ్చిన క్యాలెండరులో
అయిపోయిన నెలలు చింపి దాచాను.
వెనకంతా తెలుపే.
సెలవులయ్యేదాకా రోజుకో స్తోత్రం, ఒక్క గీత,
తెలుగులో.
బడిలో దానికి ఒడియా తప్ప నేర్పరు,
నాకు తెలుగు తప్ప చదవడం రాదు.
పాతపట్నం నుంచి కాపరానికొచ్చి పదమూడేళ్లు,
బస్సు ఏ ఊరిదో ఇప్పటికీ పక్కవాళ్లనడిగే ఎక్కుతాను.

మొదటిరోజు కృతజ్ఞత అని రాయమన్నాను.
'కృ' దగ్గర పెన్సిలు ముక్కు విరిగింది.
'జ్ఞ' దగ్గర నాకే అనుమానమొచ్చింది,
జకి ఞ వత్తా, గకి నా?
ఇద్దరం నేలమీద పడి నవ్వాం.
స్తోత్రం అనే రాసుకుందాంలే,
ఆయనకి అర్థమవుతుంది.

సీతాఫలానికి స్తోత్రం.
(కొండ దిగొచ్చిన సవర ముసలామె
పగిలిందని ఒకటి ఊరికే ఇచ్చింది.
గింజలు లెక్కపెట్టి మరీ తిన్నాం.)
బల్లికి తోక మళ్లీ మొలిచినందుకు స్తోత్రం.
ఇది నేను చెప్పింది కాదు.

మూడోరోజు పేచీ.
పండగ జాకెట్లు పదకొండు కుట్టాను,
కుంతల కోడళ్లవి, వాళ్ల చుట్టాలవి,
అష్టమి పొద్దుటికల్లా హుక్కులతో సహా.
ఏడాది మొత్తంలో నా చేతికి
నోట్ల గరగర తెలిసే వారం ఇదొక్కటే.
"రాయనా?"
"వద్దులే. పాస్టరమ్మగారు చూస్తే ఏమంటారో."
అది తలెత్తలేదు.
"మరి బియ్యం వాటితోనే కదా కొన్నాం"
అంటూనే రాసేసింది,
'జా'కి దీర్ఘం మరిచిపోయి.

రాత్రి మోకరిస్తే మైకు కూడా వచ్చి
మా మధ్యలోనే కూర్చునేది.
ఆమెన్ ఎవరికీ వినపడేది కాదు,
పిల్ల నా పెదవులు చూసి
కళ్లు తెరిచేది.

వంశధార ఒడ్డున రెల్లు తెల్లబడినందుకు.
కరెంటు పోయి కాసేపు చుక్కలు కనపడినందుకు.
మామ్మ పంపిన ఉప్పుచేపకి,
దాని వాసనకి కాదు.

అమ్మవారిని ఏటికి తీసుకెళ్లిన మర్నాడు
సూరత్ నుంచి ఫోనొచ్చింది.
క్రిస్మస్‌కీ రావడం కుదరదట, మిల్లులో సెలవివ్వరట.
మాట్లాడుతున్నంతసేపూ ఆయన వెనక
ఎవరో నవ్వుతున్నారు.
ఎవరని అడగలేదు.
మిషను ముందు కూర్చుని
దారం లేని సూదినే చాలాసేపు తొక్కాను.

అన్నిటికీ స్తోత్రం చెప్పాలని
ప్రతి ఆదివారం వింటాను, తలూపుతాను.
ఆ సాయంత్రం పెన్సిలు నా చేతికే ఇచ్చింది పిల్ల.
గీత మీద ఆనించి ఉంచాను.
చుక్క పడిందంతే.
"రేపు రాద్దాం, పడుకో."

రేపు రాయలేదు. ఆ మర్నాడు
ఇంటికప్పు మీద కోతి గురించి రాశాం.
ఆ ఒక్క గీతా అలాగే ఉండిపోయింది,
ఊడిన పన్ను జాగాలా.

పున్నమి పొద్దున
పందిరి వెదుళ్లు విప్పుతున్న చప్పుడు.
గది ఊడుస్తూ, మెతుకులతో గోడకంటించిన
ఆ కాగితం దగ్గర ఆగాను.
ఖాళీ గీత ఖాళీగా లేదు.
ఒడియా. వాన వస్తుందేమోనని
గొడుగులు వేసుకుని వరసగా నిలబడ్డట్టు
అక్షరాలు, నా చుక్క పక్క నుంచి మొదలై
కాగితం అంచుదాకా.

వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాను.
ఒక్కటి తెలుసు.
సందు చివర తోరణం మీద ఎర్రబల్బులతో వెలిగి ఆరి,
ఇన్ని రాత్రులూ మా కిటికీలోంచి
ఈ గోడ మీదే పడింది కదా.
మా.
తెలుగులో అయితే దాని వెనక ఇంకేదో రావాలి,
మా ఇల్లు, మా ఊరు, మా ఆయన.
ఒడియాలో అక్కడితో సరిపోతుందట.

మిగతాది కుంతలని అడగొచ్చు.
నిద్రపోతున్నదాన్నే లేపి అడగొచ్చు.

పొయ్యి మీద ఎసరు పెట్టి
పెన్సిలు చెక్కాను,
దాని తలగడ పక్కన పెట్టాను.