ప్రత్యేక సూచనలు

ఫారంలో మొదటి గడి నడుము.
తర్వాత పిర్రలు, తొడ, మోకాలు,
అంచు చుట్టుకొలత.
ఏడో గడి కాలి పొడవు. ఒకటే గడి.
అక్కడ ఆగిపోయింది నా వేలు
రాత్రి పదకొండున్నరకి, కావలి ట్రంకు రోడ్డులో
షట్టరు సగం దించిన రీచార్జి కొట్లో.

కాలేషా మాస్టరుకి రెండు పొడవులు.

హైస్కూలు డెబ్భై అయిదేళ్ల పండక్కి
పాత ఊరంతా ఒకసారి నడిచి చూపించాలన్నారు.
గోలీసోడా బండి ఒకరికి, పెట్రోమాక్సు లైటు ఒకరికి.
"సైడు డ్రమ్ము కొట్టినోడివి గదా మాల్యాద్రీ,
బ్యాండు మాస్టరు వేషం నీదే."
కోటు దొరికింది, ఆయన కూతురు రహంతు బీరువాలో,
రెండు ఇత్తడి బొత్తాలు తక్కువగా, కలరా ఉండల వాసనతో.
టోపీ దొరికింది.
"ప్యాంటు ఎప్పుడో పీలికలు చేసి సైకిలు తుడిచాం అన్నా"
అని నవ్వింది, నవ్వు మధ్యలో ఆపేసింది.

మిగిలింది ఒక ఫోటో.
తెల్ల ప్యాంటు, పక్కన ఎర్ర పట్టీ, పట్టీని ఆనుకుని జరీ.
ఫోటో నలుపూ తెలుపే. రంగులు నా కళ్లవి.
క్లారినెట్టు పొడవెంతో నాకు తెలుసు,
దాన్ని పట్టుకుని మాస్టర్ని కొలిచాను.
లెక్కల పరీక్షలో కూడా
స్కేలు ముందు ఇంత బుద్ధిగా కూర్చోలేదు.
బెల్టు ఎడమకి ఒరిగింది. అంచులు మాత్రం సమం.
ఎడమ కాలు అంగుళంపావు పొట్టి.

ముందు పెంచలయ్య దగ్గరికే పొయ్యాను.
మిషను ఆపి, అద్దాల మీంచి చూశాడు.
"నీకేమన్నా కాలు పొట్టా?"
"కాదు."
"మరి నా చేత ఒంటి కాలు పొట్టిగా కుట్టిస్తావా?
జనం చూసి పెంచలయ్యకి కళ్లు పొయినాయనరా?
పో అబ్బయ్యా, పొయ్యి
ఆ ఫోన్లోనే కుట్టించుకో పో."

అట్టా వచ్చాను ఈ ఫారం దాకా.
అన్నిటికన్నా కింద 'ప్రత్యేక సూచనలు' అని
అగ్గిపెట్టంత ఖాళీ.
నాలుగు వాక్యాలు రాసి, మూడు కొట్టేశాను.
"ఎడమ కాలు అంగుళంపావు తక్కువ. పొరపాటు కాదు."

మర్నాడు ఒకమ్మాయి ఫోను.
"సార్, లెఫ్టు లెగ్గు తప్పు పడిందా?"
"లేదమ్మా."
"కొలతలు మీవేనా సార్?"
"నావే. ఆ అంగుళంపావే ఇంకొకరిది."
కాసేపు కీబోర్డు చప్పుడు.
"ఓకే సార్, రిటర్ను ఉండదు."

తొమ్మిదో రోజు పార్సిలు.
కొట్లో గ్లాసు తలుపు ముందు తొడిగి చూసుకుంటే
ఎడమ అంచు చీలమండ మీద వేలాడతా ఉంది,
వరదనీళ్లకి మడిచినట్టు.
పెంచలయ్య మాటే నిజం.
రెండు వేల మూడొందలు, జరీకి వేరే.

ఎవరో చార్జరు అడిగారు. తియ్యడానికి ఎడమకి వంగాను,
గ్లాసులో అంచులు రెండూ ఒక గీత మీదికొచ్చాయి.

ఆ ఒరుగు నాకు తెలుసు.
అడుగడుక్కీ ఆయన ఎడమ భుజం దిగేది.
మేం ఆరుగురం వెనక నుంచి ఆ భుజం చూసే
దెబ్బ వేసేవాళ్లం.
తాళం ఆయన చేతిలో ఉందనుకునే వాళ్లం.

పండగ నాడు పెంచలయ్య కొట్టు ముందుకి రాగానే
మిషను ఆగింది. మెళ్లో టేపు, చూపు నా అంచుల మీద.
ఎడమ కాలు దించి వేశాను. మళ్లీ దించి వేశాను.
ఆయనేమీ అనలేదు,
అద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.
వెనక డ్రమ్ము కుర్రాడికి నేనేం చెప్పలేదు,
నా భుజం దిగిన చోటే కొడతా ఉన్నాడు.

రైల్వే గేటు దాకా నడిచాం, మైలున్నర.

తెల్లారి నడుం పట్టేసింది, మంచం దిగలేకపొయ్యాను.
ముప్పై ఏళ్లు పెళ్లి ఊరేగింపులన్నిటికీ ముందు నడిచాడు,
ఒక్కనాడూ చెప్పలేదు
ఈ సంగతి.