నూటపన్నెండో మెట్టు దగ్గర

జూన్ ఆదివారం. వాల్పరైసో మీద వాన
కొండల్ని ఒక్కొక్కటిగా చెరిపేస్తోంది.
షట్టరు సగం దించి
తోలు కోసే బల్ల మీద
నా దుకాణం ఇన్నేళ్ళుగా ఊరికి చెప్పిన మాటలన్నీ పరిచాను.

ఆరంకెల ఫోన్ నంబరున్న విజిటింగ్ కార్డులు, రెండు పెట్టెలు
(ఆ నంబరుకి ఇప్పుడు ఎవరెత్తుతారో, ఎత్తి ఏమనుకుంటారో).
మడమ ఆకారంలో ఫ్రిజ్ అయస్కాంతం,
చూసినవాళ్ళంతా రొట్టెముక్క అనుకున్నారు.
నిరుటి క్యాలెండరు: నవంబరుకి ముప్పై ఒకటో తారీఖు.
రేడియోవాళ్ళ రశీదులు, రబ్బరుబ్యాండు తెగేంత లావు.

చెప్పులు కుట్టడం నాకు వచ్చు.
చెప్పుకోవడమే రాదు.

మార్చిలో మా అక్క కూతురు యస్ణా ఒక నోటుబుక్కు తెచ్చి
"ఊహలొద్దు పిన్నీ, లెక్క కావాలి" అంది.
మూడు నెలలు, గడప తొక్కినవాళ్ళందర్నీ అడిగాను:
మా గురించి ఎలా తెలిసింది?
నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత.

క్యాలెండరు చూసి ఇద్దరు. ఇద్దరూ చుట్టాలే.
అయస్కాంతం చూసి ఒకావిడ. అంటుకోవట్లేదని
తిరిగివ్వడానికి వచ్చింది.
రేడియో విని...
ఆ వరస కడిగిన పళ్ళెంలా ఉంది.

గురువారం పొద్దున ఏడూ పదికి, చేపల ధరల తర్వాత,
పన్నెండు సెకన్లు: "మీ అడుగు, మా బాధ్యత!"
ఆ గొంతు మా బావ ఇపోలితోది.
భాగస్తుడిగా ఉన్న రోజుల్లో రికార్డు చేశాడు.
ఏడేళ్ళ కిందట వాటా పట్టుకుని మెట్లు దిగి
రేవు చౌకులో దిగుమతి బూట్ల కొట్టు పెట్టాడు.
"ఆ గొంతు ఎవరిదో ఊరందరికీ తెలుసు పిన్నీ.
విని, తిన్నగా ఆయన దగ్గరికే పోతారు."

ఏడేళ్ళు. నెలనెలా.
సొమ్మొకడిది సోకొకడిది అంటే
ఎవరి గురించో అనుకునేదాన్ని.
జిగురుడబ్బా మూత బల్ల దిగి దొర్లేదాకా నవ్వాను.
తర్వాత కొంచెంసేపు నవ్వలేదు.

మరి మిగతా గీతలు?
ఆరు కట్టలు, పైన నాలుగు. జవాబొకటే, మాటలు వేరు:
"ఆయాసమొచ్చి కూర్చున్నా."
"మోకాళ్ళు మొరాయించాయి, బెంచీ కనపడింది."
"కాలు మీద కాలేసుకుంటే
కన్నంలోంచి మేజోడు నన్ను చూసింది."

కేబుల్ లిఫ్టు పాడై మూడేళ్ళు.
రేవు నుంచి పైకి నూటపన్నెండు మెట్లు.
ఆఖరి మెట్టు పక్కన నా బెంచీ,
సిగరెట్టు కాల్చుకోవడానికి నేను వేసుకున్నది,
ఒక పలక విరిగి, మేకు తల పైకి లేచి.
ఆ మేకు గురించి ఒక్కరూ ఏమీ అనలేదు.
మొహమాటం కాబోలు.

సరే. రేడియోకి ఫోన్ చేసి ఇక చాలన్నాను.
కార్డులు తిరగేసి టోకెన్లు చేశాం.
గోడ మీదికి యస్ణా రాసిచ్చింది:
"సంపూర్ణ పాదరక్షా పరిష్కారాలు."
అది చదవడం పూర్తయ్యేలోపు
మనిషికి ఆయాసం తీరిపోతుందన్నాను. అలిగింది.
టీ తాగాక ఇద్దరం కూర్చుని కొట్టేస్తూ కొట్టేస్తూ
మిగిలినదాన్ని గోడకెక్కించాం:

కూర్చోండి. అరికాలు చూసుకోండి. తొందరలేదు.

వాన వెలిశాక పలక మార్చాను, మేకు దిగ్గొట్టాను.
బెంచీకి ఆకుపచ్చ రంగు, పడవలకి వేసేది,
ఆరడానికి రెండు రోజులు పట్టే రకం.
"తడి రంగు" అని అట్ట పెట్టాం.
సముద్రపు గాలి దాన్ని ఎత్తుకెళ్ళింది.

పొద్దున్నే పోస్ట్‌మాన్ ఎలెయుతేరియో
సంచి దించి, ఉస్సూరంటూ కూర్చుని,
లేచాడు నాలుగు పచ్చ చారలతో.
తనకి తెలియకుండానే మూడు కొండలు తిరిగాడు.
సాయంత్రం వచ్చి తిట్టాడు, న్యాయమే.
కిరసనాయిలు గుడ్డ చేతికిచ్చి
రెండు మడమలూ ఊరికే వేసిచ్చాను.

మర్నాడు ఎవరో ముసలావిడ, ఎన్నడూ చూడని మొహం,
సంచిలోంచి వార తెగిన చెప్పు తీసింది.
ఎలా తెలిసిందమ్మా మా గురించి?
తటపటాయించింది. నవ్వాపుకుంది.
చెప్పింది.

కొత్త వరసకి ఏం పేరు పెట్టాలో తోచక
యస్ణా పెన్సిలు కొరుకుతోంది.