సున్నా

లుబ్లిన్ బస్‌స్టాండులో
ఒక తలుపు మీద సున్నా, ఒక తలుపు మీద త్రికోణం.
ఆడా మగా అంటే అక్కడంతే.

యాగ్నాకి నాలుగేళ్లు. ఆకారాలు ఈమధ్యే వచ్చాయి.
"నేను సున్నానా, నాన్నా?"
మోకాళ్లు దగ్గరికి నొక్కుకుంటూ.

రాడోస్వావ్ త్రికోణాన్ని తోశాడు.
గోడవారగా వరసగా వీపులు.
అరచెయ్యి పాప కళ్లకి గంత కట్టి
వెనక్కొచ్చేశాడు.
సున్నా ముందు
లోపలెవరో ఆవిడ గొంతు సవరించుకుంది.
అడుగు పడలేదు.

చిల్లర పళ్లెం పక్కన స్వెట్టరల్లుతున్న ముసలామె
సూదులు ఒళ్లో వదిలేసి
చీపుర్ల గది తాళం తీసింది.
తను వాడుకునేది, ఒక్కటే.
ఆ తలుపు మీద ఏ గుర్తూ లేదు.

రెండు జ్లోటీలు చాపితే
"పిల్లకి ఊరికే," అంది. "నువ్వెళ్లాలా?"

లోపల్నుంచి:
"నాన్నా, ఉన్నావా?"
"ఉన్నా."
"ఇంకా ఉన్నావా?"