ఏం లేదో చెప్పు

ఫర్వానియాలో టాక్సీ ఎక్కితే చాలు
ముందు బండి నంబరు అరబ్బీ అంకెల్లో చదివి
"అమ్మా, ఇది పదిహేడుతో పోతుంది" అంటుంది ఇందుజ.
ఐదింకా నిండలేదు.

ఒక తరగతి దాటిద్దామంటాడు ఇండియన్ స్కూలు సారు.
బ్రిటిష్ స్కూలు ఫీజు నా నైట్‌డ్యూటీలన్నీ మింగేస్తుంది.
ముందు పరీక్ష చేయించమన్నారు.
నలభై దినార్లు కట్టి తలుపు బయట కూచున్నా.

బొమ్మలో ఇల్లు. ఏం లేదో చెప్పాలట.
తలుపుకి గడియ లేదు, అదీ జవాబు.
"ఏసీ లేదు, వాళ్ళకి నిద్రెట్లా పడుతుంది?" అందట మా పిల్ల.
సున్నా వేశారు.

రిపోర్టు యూనిఫాం జేబులో మడతపడింది.
లిఫ్టులో అడిగింది:
"కొత్త బళ్ళో నా అంత పిల్లలుంటారా,
నా అంత లెక్కలుంటాయా?"

నేనింకా వెతుక్కుంటుండగానే
మా అంతస్తు వచ్చింది.
"ఏడు దేనితోనూ పోదమ్మా"
అంటూ చెప్పులు విప్పింది.