చిటికెనవేలంత దూరం

హైమా దాటినంక డెబ్బై కిలోమీటర్లు,
ఆఖరి మలుపుకాడ బోర్డు: లైట్లార్పండి.
నీళ్ల ట్యాంకర్‌ను చీకట్ల
గుడ్డెద్దును నడిపినట్టు నడుపుకుంట పోత.
ఇసుకల కూసోని ఉంటరు వాళ్లు,
ఎర్రబుగ్గ ఒకటి, ఫ్లాస్కుల కావా,
తోపు లెక్క టెలిస్కోపు.
పేల్చుడేం లేదు, పట్టుకునుడే.

"ఏం పడ్డది ఇయ్యాల?" అంట నేను,
వలోళ్లను అడిగినట్టు.
బద్రియా మేడం నవ్వుతది.
మా మాటలు హిందీ సగం, అరబ్బీ సగం,
మిగిలింది చేతులు.

చుక్క ముంగట నుంచి గ్రహం పోతే
చుక్క ఎలుగు తగ్గుతదట,
నూటికొక వంతు, రెండు మూడు గంటలు, అంతే.
"కందిలి ముంగట ఉసిల్ల పోయినట్టా?" అన్న.
ఉసిల్లంటే ఏందో చెప్పెటందుకు
రెండు చేతులు రెక్కలు జేసి
ట్యాంకర్ చుట్టు ఒక తిప్పు తిరగాల్సొచ్చింది.
ఖల్ఫాన్ దాన్ని నోటుబుక్కుల రాసుకున్నడు.

ఆ గ్రహానికి నాలుగొద్దులకే ఏడాది.
రెండేండ్ల నా అగ్రిమెంటు
అక్కడైతే నూటా ఎనభై రెండేండ్లు.
లెక్క జేసి చెప్పిన. ఎవ్వరు నవ్వలే.
దానికి ఒక దిక్కు ఎప్పటికీ పగలే,
ఒక దిక్కు ఎప్పటికీ రాత్రేనట.
రాత్రి దిక్కు జాగ ధరెంతో అడుగుదామనుకున్న,
మా క్యాంపుల ఏసీ పాడై
అప్పటికి తొమ్మిదొద్దులు.

"మీ ఊళ్లె ఉత్తర చుక్క ఎంతెత్తున ఉంటది?"
రాయికల్ అని చెప్పిన.
ఫోన్‌ల కొట్టి చూసింది మేడం.
"చెయ్యి చాపు. చిటికెనవేలు నిలబెట్టు.
ఇక్కడికీ అక్కడికీ
ఆ వేలు మందమే తేడా."

రెండువేల పైచిలుకు కిలోమీటర్లు,
ఏజెంటుకు లక్షా నలభైవేలు,
మిత్తి ఇంకా నడుస్తనే ఉన్నది,
ఆ చుక్క లెక్కల మాత్రం
నేను చిటికెనవేలంత జరిగిన.

చాపిన చెయ్యి దించబుద్ధి గాలే.
పైన ఏడు చుక్కలు కనవడ్డయి.
"అది మంచం," అన్న, "పేదరాసి పెద్దమ్మది.
నాలుగు కోళ్లు. ఎనుక ముగ్గురు దొంగలు.
తెల్లారెదాక గుంజుకపోతరు గని
ఇల్లు జేరరు."

ఖల్ఫాన్ కావా కప్పు కింద పెట్టిండు.
"మాకు అది పాడె.
నాలుగు చుక్కల మీద తండ్రి పీనుగు,
ఎనుక ముగ్గురు బిడ్డలు ఏడ్చుకుంట.
చంపినోడు నీ ఉత్తర చుక్కే.
వాని చుట్టే తిరుగుతున్నరు,
ఇంకా పూడ్చలే."

నేనేం మాట్లాడలే.

నిరుడు ఎండకాలం మల్కయ్య పెట్టె
పదమూడొద్దులు మార్చురీల పండి
కార్గో గేటు దాక పోయినప్పుడు
ఎనుక ముగ్గురమే.
నేను, సైదులు, నేపాల్ పిలగాడు ధనే.
"మీరేమైతరు?" అన్నడు గార్డు.
ఏమి గాము అన్నం.
ఆ రాత్రే సైదులు అతని ఫ్యాను దీసుకున్నడు,
ధనే చెప్పులు దీసుకున్నడు.
కింది మంచం నాకొచ్చింది.
పై మంచం మీదికెక్కుడు కష్టం, మోకాళ్ల నొప్పులు.
ఇప్పటికీ దాంట్లనే పంటున్న.

బిడ్డలమా, దొంగలమా,
గా చుక్కలనే అడగాలె.

మేడం టెలిస్కోపు తిప్పింది.
"నడిమి దొంగను చూడు," అన్నది,
"వాని పక్కన ఇంకోటున్నది."

నా లగ్గంల పట్టపగలు పదకొండు గంటలకు
పంతులు మొగులు దిక్కు వేలు చూపి
అరుంధతి కనవడ్డదా అంటే
కనవడ్డదన్న.
గంగజల గూడ కనవడ్డదన్నది.
ఎండకు ఇద్దరికీ కండ్లల్ల నీళ్లు.

కన్ను ఆనించిన.
సన్నగ, వణుక్కుంట, పక్కపక్కనే.
"కనవడ్డదా?"
ఆఁ, అన్న.

ట్యాంకి ఖాళీ అయింది. పైపు చుట్టి
లైట్లార్పే మర్లిన.
బోర్డు దాటినంక ఏసుకోవచ్చు.
ఇంకో రెండు కిలోమీటర్లు
ఏసుకోలే.