బఠానీల చప్పుడు

నేలమాళిగలో నీళ్లు తీయడానికి మూడు రోజులు పట్టింది.
తీశాక చూస్తే డబ్బాలన్నీ ఉన్నాయి,
పేర్లే లేవు.
కాగితాలు నాని, ఊడి, ముద్దయి
ఓ మూలకి చేరాయి.
ఆ ముద్దలో సగం కంకి పసుపు, కొంచెం దుంప ఎరుపు.
ఇరవై ఏడు డబ్బాలు
గుండు చేయించుకుని వరసలో నిలబడ్డట్టు
అన్నీ ఒక్కలాగే.

రుఫీనా వాటిని బకెట్లలో వేసుకుని
నాలుగో అంతస్తుకి మోసుకొచ్చింది.
కందలాక్షలో డిసెంబరు.
సూర్యుడు గుమ్మం దాకా వచ్చి
తలుపు తట్టకుండానే వెనక్కి పోయే రోజులు.
ఇంకో గంటలో డ్యూటీ.

స్టేషన్లో ఆవిడ పని వినడం.
ఆగిన రైలు పక్కనే నడుస్తూ
పొడుగు కాడ సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టి
చెవి ఒగ్గడం.
బాగున్న చక్రం గంటలా పలుకుతుంది.
పగులున్నది జలుబు చేసిన గొంతుతో
అబద్ధం చెప్పలేక దొరికిపోతుంది.
ముప్పై ఒక్క ఏళ్లు.
గాలి, మంచు, ముర్మాన్‌స్క్ వెళ్లే బొగ్గు బండ్లు.
ఒక్క పగులూ ఆవిడ్ని దాటి పోలేదు.

అలాంటి మనిషికి లేబుళ్లెందుకు?

తలుపు తెరిస్తే ఎల్దార్, కింది ఇంటాయన.
ఆయన వంటింటి పైపు పగిలే
నీళ్లన్నీ మాళిగలోకి పోయాయి.
ఉన్ని టోపీలో ఐదు గుడ్లు,
నోట్లో ఎటూ కదలని ఓ మాట.
"అక్కడే నిలబడతావా? చలి లోపలికొస్తోంది" అంది.
క్షమించడమంటే ఆవిడకంతే.

గుడ్లు నీళ్లలోకి వెళ్లాయి.
ఉల్లిపాయ ఎల్దార్ చేతికిచ్చింది,
కళ్లు తుడుచుకోవడానికి ఆయనకో సాకు కావాలని.
ఊరేసిన దోసకాయలు రెండు, ఉప్పుతో బిగుసుకుపోయినవి.
మయొనైజ్ సీసా బోర్లించి, అడుగున కొట్టి కొట్టి.

ఒక డబ్బా తీసి చెవి దగ్గర ఊపింది.
"ఇది బఠానీ. విను,
బడి వదిలేసిన పిల్లల్లా ఎలా పరిగెడుతున్నాయో."
తెరిస్తే బఠానీలే.
ఎల్దార్ చప్పట్లు కొట్టాడు, ఉల్లి చేతులతోనే.

ఇంకోటి తీసింది. చెంచాతో తట్టింది.
"మొక్కజొన్న. ఒత్తుగా కూర్చుంటుంది, కదలదు."
తెరిస్తే
ఎర్ర రాజ్మా, నల్లటి నీళ్లలో.

గిన్నెలో గుడ్లు ఒకదాన్నొకటి
టక్కు టక్కుమని తాకుతున్నాయి.
అది మాత్రం స్పష్టంగానే వినిపిస్తోంది.

"ఏం ఫర్వాలేదు, సలాడ్ కదా,
ఎవరొచ్చినా జరిగి చోటిస్తుంది" అన్నాడాయన,
నిజంగానే ఫర్వాలేదనుకుంటూ.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం మనం.
ఆవిడకా సామెత తెలియదు.
తెలిసినా ఆ పూట
నమ్మడానికి ఒప్పుకునేది కాదు.

వేడి గుడ్లు వేళ్ల మీద ఎగరేస్తూ ఒలిచారు.
ఒకదాని పచ్చసొన ఇంకా మెత్తగా ఉండి
అన్నిటికీ అంటుకుంది.
రెండు గరిటెలు తిప్పడం, మీద ఎండు సోయాకు,
నల్ల రొట్టె ముక్క ఒరుసుకుంటూ
నిలబడే తినేశారు.
బాగుంది. చెప్పకూడదు గానీ చాలా బాగుంది.
రాజ్మా లేకపోతే ఇంత బాగుండేది కాదన్నాడు ఎల్దార్,
అపరాధి నోటికి అన్నీ రుచే.

ఆయన చేతులు కడుక్కునేలోపు
రుఫీనా మూడో డబ్బా తీసి
కుడి చెవి దగ్గర ఊపింది.
ఎడమ చెవికి మార్చింది.
తెరవలేదు.
దాన్ని మిగతావాటిలో కలిపేసి
కోటు వేసుకుంది.

ఒకటో ప్లాట్‌ఫారం మీద రైలు
ఆవిరి ఊపిరి వదులుతూ ఆగింది.
సుత్తి పడింది. చక్రం పలికింది.
ఆవిడ అడుగు ముందుకేసి,
ఆగి, వెనక్కొచ్చి,
మంకీ టోపీ చెవుల మీంచి పైకి లాగి
మళ్లీ కొట్టింది.

పై బెర్తులో నిద్రపట్టని ఓ పిల్లాడు
దుప్పట్లోంచి లెక్కపెట్టుకుంటున్నాడు.
ఈ ఊళ్లో మాత్రం
ఒక్కో చక్రానికీ రెండేసి.