ముప్పైతొమ్మిది మూలలు

ముందు పెన్సిళ్ళు సన్నగా చెక్కుకున్నాను.
అరలీటరు నీళ్ళ ప్యాకెట్ ఎత్తి పట్టుకుని
ఈ పక్కన గుచ్చి ఆ పక్కకి తీశాను.
తడుస్తామని మొదటి బెంచీ వెనక్కి జరిగింది.
చుక్క కారలేదు.

ఇంకోటి. ఇంకోటి. మొత్తం ఏడు.
ముళ్ళపందిలా ఊగుతోంది నా చేతిలో ప్యాకెట్.
టెమా రేవు నుంచి వచ్చే ఉప్పుగాలికి
కిటికీ రెక్క కొట్టుకుంటోంది.

"ఎందుకు కారలేదు?" అన్నాను.
"దేవుడి దయ, మేడమ్" అన్నాడు అజెటే.
అందర్నీ నవ్వనిచ్చి బోర్డు మీద గొలుసులు గీశాను.
ఒక కార్బన్ చెయ్యి ఇంకో కార్బన్ పట్టుకుని
వేలకు వేలు, వరసగా,
ఆ వరసలన్నీ చిక్కుపడ్డ జుట్టులా ఒకదాన్లో ఒకటి.
పెన్సిలు దూరితే జరిగి చోటిస్తాయి,
మళ్ళీ దాని చుట్టూ బిగుసుకుంటాయి.
కిక్కిరిసిన ట్రోట్రో బండిలో
ఇంకొకడెక్కితే మనం సర్దుకున్నట్టు.

"ఇది ఎన్నాళ్ళు బతుకుతుంది?" అంది ఎనామ్.
పుస్తకంలో అంకె ఉంది. చెప్పబోయి ఆగాను.
ఇది పుట్టి వందేళ్ళయినా కాలేదు,
దీని చావు చూసినవాళ్ళెవరున్నారు?
"తెలీదు" అన్నాను.
జీతం తీసుకుంటూ ఆ మాట అనడానికి
మొదట్లో సిగ్గుపడేదాన్ని.

అప్పుడు లేచింది బాబా. "ఆపెయ్యాలి మేడమ్, అమ్మడమే ఆపెయ్యాలి."
వాళ్ళిల్లు కాలువ ఒడ్డున.
జూన్ వానకి కాలువ గొంతులో ఇవే అడ్డంపడి
నీళ్ళు మంచం కోళ్ళెక్కాయి.
తమ్ముడి లెక్కల పుస్తకాన్ని
ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టారట, పేజీ పేజీ.

ఎనామ్ కూర్చునే అంది, గొంతు పెంచకుండా:
"మా అమ్మ సిగ్నల్ దగ్గర అమ్మేది ఇవే.
అంతకుముందు మా అమ్మమ్మ కప్పుతో అమ్మేది.
ఒక్కటే కప్పు. వీధిలో అందరి పెదాలూ దానికే.
కలరా ఏ గడప దాటి ఏ గడప తొక్కిందో
ఇప్పటికీ వేళ్ళమీద చెబుతుంది.
ఆపండి. కాదన్నానా?
ముందు మా వీధి కొళాయి తిప్పి చూపించండి."

ఎవరూ మాట్లాడలేదు కాసేపు.
"కెంకీని పొత్తి ఆకులో చుట్టినట్టు
నీళ్ళని చుట్టలేమా?" అన్నాడు అజెటే.
క్లాసంతా పగలబడింది.
నేను నవ్వలేదు. ఆ ప్రశ్న బోర్డు మూల రాసి
చుట్టూ గీత గీశాను, తుడవొద్దని.

క్వాబ్లా బాబాయి రేవులో పెట్టెలు దించుతాడు.
ఒక్కో చొక్కాకి ఒక సంచి,
ఆ సంచులన్నిటికీ ఇంకో సంచి, దానికో పొర.
"దాహం వేసినవాడి ప్యాకెట్టే కనిపిస్తుందా అందరికీ?"
లెక్క వేద్దామని సుద్దముక్క తీశాను.
ఎనామ్ వాళ్ళమ్మ రోజుకెన్ని అమ్ముతుందో తెలుసు.
రెండోవైపు వెయ్యడానికి
మా దగ్గర అంకె లేదు.
సమానం గుర్తు ఒక్కటే నిలబడింది, ఒంటికాలి మీద.

గంట కొట్టారు.
పెన్సిళ్ళు లాగేశాను. పద్నాలుగు ధారలు.
ఒకదాని కింద నోరు పెట్టాడు అజెటే,
"వృథా చెయ్యకూడదు కదా, మేడమ్!"

అందరూ వెళ్ళాక చీపురు పట్టాను.
ఎండకి తలా ఒక ప్యాకెట్ తాగారు,
పంటితో మూల కొరికి, ఊసేసి.
ఖాళీ సంచులు డబ్బాలో వేశారు, బుద్ధిమంతులు.
మూలలే మిగిలాయి నేలమీద,
చిటికెనవేలి గోరంత, మెరుస్తూ.
అరచేతిలో వేసుకుని లెక్కపెట్టాను.
క్లాసులో నలభైఒక్కమంది. మూలలు ముప్పైతొమ్మిది.

రెండు ఎక్కడ?
బెంచీల కింద వంగి చూశాను, అలమర వెనక,
కిటికీ అవతల కాలువ గట్టున.
మోకాళ్ళ మీద ఉండగా గుర్తొచ్చింది,
రెండు కాదు మూడు.
పాఠానికి ముందు
నేనూ ఒకటి కొరికాను.